ప్రాసెసర్ మీద సున్నం

మా అత్తగారింట్లో ఉన్నది ఒకే ఒక్క టేబుల్ ఫ్యాన్. అది మనుషులకు కాదు, కంప్యూటర్‌కు.

తొంభై ఎనిమిది ఏప్రిల్ అది. మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతగాళ్ల పేట కుంఠా నాకా. అక్కడి రేకుల ఇళ్లన్నీ పొయ్యి మీది పెనాల్లా కాలేవి. ముందు గదిలో మా అత్తమ్మ ద్రౌపది ఒళ్లో చాట పెట్టుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ బీడీలు చుట్టేది. వెనక కార్ఖానాలో మామయ్య నరసయ్య తడి తువ్వాలు నెత్తిన వేసుకుని మగ్గాల మధ్య తిరిగేవారు. లోపలి గదిలో కంప్యూటర్ మాత్రం కొత్త అల్లుడిలా గాలి విసిరించుకుంటూ కూర్చునేది. దాని డబ్బా పక్కనే ఒక స్టూలు, స్టూలు మీద ఫ్యాన్. ఆ ఫ్యాన్ మూతి ఎవరూ పక్కకు తిప్పకూడదని ఇంట్లో కట్టుబాటు.

"కొత్త కోడలికి గూడ ఇంత మర్యాద లేదు" అన్నాను ఒకరోజు మా ఆయన సిద్ధరాములుతో.

"అది గరమైతే పని బంద్ పెడ్తది. నువ్వు గరమైతే ఇంకింత మంచిగుంటవ్" అన్నాడు.

నాకు అప్పట్లో అన్నీ ఇలాగే నవ్వుగా, హాయిగా ఉండేవి. మగ్గాల చప్పుడుకు పగలు కునుకు తీస్తే రైల్లో పడుకున్నట్టుండేది. సాయంత్రం ఆయన అశోక్ చౌక్ నుంచి పాన్ తెచ్చి, తల్లికి కనపడకుండా నా చేతిలో పెట్టేవాడు. అత్తమ్మ నాతో తెలుగులో మొదలుపెట్టిన మాటను కిటికీలోంచి పక్కింటావిడతో మరాఠీలో ముగించేది. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది నా చద్దరు. మా పెళ్లికి రాజారాం కాక ఇచ్చిన కానుక అది. మధ్యలో జంట నెమళ్లు, కింద మా ఇద్దరి పేర్లు. ఒక వైపు ఎర్ర నేల మీద తెల్లగా 'గోదావరి' అని ఉంటుంది. తిరగేస్తే తెల్ల నేల మీద ఎర్రగా, అద్దంలో చూసినట్టు. ఈ ఇంట్లో నా పేరున్న మొదటి వస్తువు అదే. పొద్దున లేవగానే రాత్రి ఏ వైపు కప్పుకున్నామో చూసుకోవడం నాకో సరదా.

రాజారాం కాక మాకు రక్త సంబంధం కాదు. మా కార్ఖానాలో నేసే చద్దర్లకు ఆయన మొదటి నుంచీ బొమ్మలు గీశారు. చిన్న చిన్న గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ పువ్వో నెమలో గీస్తారు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం మీద తిరుగుతుంటే కింద చద్దరులో నెమలి లేస్తుంది. ఇప్పుడు మా ఆయన పూణెలో కోర్సు చేసి వచ్చి, వాడిన కంప్యూటర్ ఒకటి కొని, ఆ గళ్లన్నీ తెర మీద నింపడం మొదలుపెట్టాడు. కాక గీసిన పాత నెమలినే ముందుగా ఎక్కిస్తున్నాడు. కాకకు గీసే పని తగ్గిపోయింది. అయినా ఆయన రోజూ మధ్యాహ్నం వచ్చేవారు. పొగాకులో సున్నం నలిపి దవడకు పెట్టుకుని, మా ఇంట్లో ఏదో ఒక మూల కూర్చునేవారు.

ఆ నెలలోనే కంప్యూటర్ మొండికేసింది. నెమలి తోక సగం అయ్యేసరికి తెర బిగుసుకుపోయేది. బాణం కదలదు, మీట నొక్కితే పలకదు. ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ పెడితే కాసేపు బాగానే ఉండేది. మరుసటి రోజు మధ్యాహ్నం మళ్లీ అంతే.

"దిష్టి తాకింది. వాడకట్టంత వచ్చి చూసిపాయె" అంది అత్తమ్మ. పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, వేలితో ఇంత సున్నం కలిపితే నీళ్లు నెత్తురులా ఎర్రబడ్డాయి. మేం పెళ్లయి గడప దాటిన రోజు మాకు తీసినట్టే కంప్యూటర్‌కూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. పళ్లెం బయటికి తీసుకుపోతుంటే గడప మీద కొంచెం ఒలికి ఎర్ర మరక పడింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మర్నాడు కంప్యూటర్ మళ్లీ ఆగింది.

అప్పుడు అత్తమ్మ చూపు మారింది.

చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి, కళ్లు మాత్రం లోపలి గది వైపు. ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు, ఎంతసేపున్నారు. నేను మంచినీళ్ల చెంబు తీసుకుని వెళ్లినా "ఎందుకు పోయినవ్?" అనేది. చివరికి ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"గోదావరీ, నిజం చెప్పు. అది బంద్ వడ్డప్పుడు లోపట ఎవరుంటున్నరు?"

"మీ కొడుకు."

"వాడు తినేటందుకు లేస్తడు గద. వాడు లేసినంక?"

నేను ఆలోచించాను. ఆలోచించకుండా ఉంటే బాగుండేది. ఆయన భోజనానికి లేచాక గదిలో కూర్చునేది రాజారాం కాకే. మా ఆయన తిని తిరిగి వెళ్లేసరికి తెర బిగుసుకుని ఉండేది. అంతే కాదు. ముందు రోజు నేను మజ్జిగ గ్లాసుతో వెళ్లినప్పుడు కాక చెయ్యి డబ్బా పక్కన ఉంది. నన్ను చూడగానే చప్పున వెనక్కి తీసుకుని, ఉమ్మేసి వస్తానని బయటికి వెళ్లిపోయారు.

ఆ సంగతి అత్తమ్మకు చెప్పాను. చెబుతున్నప్పుడే నా గొంతు నాకు నచ్చలేదు.

"చూసినవా!" అంది అత్తమ్మ. "గళ్ల కాయితం పని పోయిందని కడుపుల పెట్టుకున్నడు. పైకి మాత్రం మస్తు మంచిగ మాట్లాడ్తడు."

"అవ్వా, ఊకో. కాక అసోంటోడు కాదు" అన్నాడు మా ఆయన. అన్నాడే గానీ అతని కళ్లలోనూ ఏదో మెదిలింది. డబ్బా మూతకు ఒక్క స్క్రూనే ఉంది, అదీ వేలితో తిప్పితే వచ్చేంత వదులుగా. ఎవరైనా తెరవొచ్చు.

ఆ పూటే, కాక వచ్చే వేళకు ముందే, మా ఆయన దాన్ని విప్పాడు. అతనికి తెర మీద గళ్లు నింపడం తెలుసు గానీ, డబ్బా లోపలేముందో అంతకుముందు చూడలేదు. లోపలంతా దూది నూగు. దాన్ని ఎవరం పట్టించుకోలేదు. మా ఇంట్లో అన్నంలో, దేవుడి పటం మీద, నా జడలో కూడా ఆ నూగే ఉంటుంది. మధ్యలో వేలెడు ఫ్యాన్ ఒకటి, దాని కింద దువ్వెనలా పళ్లున్న అల్యూమినియం దిమ్మె. క్లిప్పు తీసి దిమ్మెను పైకి లేపగానే కింద చదరంగా ఒక బిళ్ల కనిపించింది.

"ఇదే ప్రాసెసర్. దీని తలకాయ" అన్నాడు.

ఆ తలకాయ నిండా తెల్లగా ఏదో ఎండి, పగుళ్లు బారి ఉంది. అంచుల దగ్గర పెచ్చులుగా లేచింది.

ముగ్గురం దాని మీదికి వంగాం. అత్తమ్మే ముందు అంది.

"సున్నం."

"దిమ్మె కింద సున్నం ఎట్ల పోతది?" అన్నాను నేను.

"మగ్గం మీది అట్టల డబ్బా మొత్తం విప్పి బిగించేటోడు, గీ క్లిప్పు తియ్యలేడా?"

స్పిరిటుతో తుడిచేద్దామని మా ఆయన గుడ్డ తీశాడు. అత్తమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"తుడిస్తే ఏం మిగుల్తది? మీ బాపు చూడాలె. ఆ రాజారామన్న గూడ వచ్చి చూడాలె. అప్పటిదాంక ఎవరు ముట్టద్దు."

మామయ్య వచ్చారు. వంగి చూశారు. తర్వాత, "ఇది గిన వాని పనైతే మల్ల వాడు నా గడప తొక్కద్దు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది. ఆ మాట నిలబడేది నేను చూసినదాని మీదే.

కాక మామూలు వేళకే వచ్చారు. భుజాన తువ్వాలు, చేతిలో ఇత్తడి సున్నం డబ్బీ. లోపలికి రాగానే అందరం గదిలో నిలబడి ఉండటం చూసి, "ఏందిరా, దానికి మల్ల జరమొచ్చిందా?" అని నవ్వారు.

"రాజారాం, గిది చూడు" అన్నారు మామయ్య.

కాక దారం కట్టిన కళ్లజోడు పెట్టుకుని వంగారు.

"ఏందిది?"

"నువ్వే చెప్పాలె."

"సున్నం తీరుగున్నది."

"తీరుగున్నదా?" అంది అత్తమ్మ. "ఇంట్ల సున్నం తినేది ఇద్దరమే. నేను ఆ గదిలకు పోను."

కాక మెల్లగా నిటారుగా నిలబడ్డారు. కళ్లజోడు తీశారు. మామయ్యను చూశారు.

"నా మీద అనుమానమా నర్సయ్యా?"

"నేననలే. కోడలు చూసిందట."

ఆయన నా వైపు తిరిగారు. నాకు చద్దరు మీద ఆయన గీసిన అక్షరాలు గుర్తొచ్చాయి. ఆ 'గో'కు పెట్టిన దీర్ఘం, దాని కొస చిన్న వంపు.

"ఏం చూసినవ్ బిడ్డా?"

"మీ చెయ్యి... డబ్బా పక్కకుండె. నన్ను చూసి తీసినరు" అన్నాను.

"ఉండె. తీసిన." అంతే అన్నారు. ఎందుకుందో చెప్పలేదు. ఆయన ముఖం కొంచెం ఎర్రబడటం చూశాను. అది తప్పు దొరికిపోయిన ముఖమా, పరువు పోయిన ముఖమా? ఎంత చూసినా నాకు తేలలేదు.

ఆయన సున్నం డబ్బీని టేబుల్ మీద పెట్టారు. "ఇగో, దీన్ని గూడ ఉంచుకోండ్రి, సాక్ష్యానికి" అని వెనక్కి తిరిగారు. గడప మీద కాలెత్తారు. ఆయన పాదం పడబోయేచోట దిష్టి నీళ్ల మరక ఇంకా ఉంది. ఎర్రగా.

"కాకా, జరా ఆగుండ్రి!"

నా గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. ఆయన ఆగారు.

"అత్తమ్మా, పసుపియ్యుండ్రి."

"ఇప్పుడు పసుపెందుకు? దానికి పేరంటం చేస్తవా?"

"ఇయ్యుండ్రి, చెప్త."

చాయ్ సాసర్లు రెండు తెచ్చాను. చద్దరు అట్ట ముక్క ఒకటి తీసుకుని దాని అంచుతో ప్రాసెసర్ మీది తెల్ల పెచ్చులు గీరి ఒక సాసర్‌లో రాల్చాను. కాక డబ్బీ అంచున ఎండి అంటుకున్న సున్నం గీరి రెండో దాంట్లో రాల్చాను. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి రెంటి మీదా పోశాను.

డబ్బీ సున్నం చూస్తుండగానే ఎర్రబడింది. గడప మీది మరక రంగే.

మొదటి సాసర్‌లో పసుపు పసుపుగానే ఉంది. నీళ్లు ఆ పెచ్చుల మీద నిలవకుండా, జిడ్డు మీద పోసినట్టు పక్కకు జారాయి.

అత్తమ్మ నమ్మలేదు. సాసర్ ఎత్తి వెలుగులో పట్టింది. వేలితో నలిపింది. ఇంకో చిటికెడు పసుపు వేసింది.

"పాతగైతే ఎర్రగ గాదేమో."

"కాక డబ్బీ అంచుది గూడ పాతదే గద అత్తమ్మా."

ఆమె లోపలికి వెళ్లి తన సొంత డబ్బీలోంచి కూడా ఇంత సున్నం తెచ్చి, మిగిలిన పసుపు నీళ్లలో వేసి చూసింది. అదీ ఎర్రబడింది. మొదటి సాసర్ మాత్రం ఎంత నలిపినా రంగు మారలేదు.

"మరి గదేంది?" అంది, సున్నం కానందుకు దాని మీదే అనుమానం వచ్చినట్టు.

మామయ్య గొంతు సవరించుకుని, "రాజారాం, కూసో. చాయ్ తాగి పో" అన్నారు.

"వద్దు నర్సయ్యా. ఎండ గట్టిగున్నది" అని కాక వెళ్లిపోయారు. ఎండ గట్టిగా ఉంటే మనిషి నీడన కూర్చుంటాడు గానీ బయటికి పోడు. ఆయన డబ్బీ టేబుల్ మీదే ఉండిపోయింది.

మా ఆయన ఆ పెచ్చులను కాగితంలో కట్టుకుని అశోక్ చౌక్‌లో టీవీలు బాగుచేసే లింగయ్య దగ్గరికి సైకిల్ మీద వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత తీస్తే లోపల తెల్లగా, వెన్నలా మెత్తగా ఏదో ఉంది.

"లింగన్న కడుపు పట్టుకుని నవ్విండు. టీవీలల్ల గూడ వేస్తరట. ప్రాసెసర్ల వేడి దిమ్మెకు ఎక్కాలె గద, నడుమ గిది పూస్తరు. ఏండ్లు గడిస్తే ఎండిపోతది. ఎండితే వేడి ఎక్కది. దిమ్మె చల్లగనే ఉంటది, తలకాయ మాడుతది."

"మరి తయారు చేసినోళ్లే పూసిన్రా?" అంది అత్తమ్మ.

"వాళ్లే."

"ముందుగల చెప్పాలె గద, గిట్ల తెల్లగ పూసినమని" అని ఊళ్లో లేని వాళ్లను తిట్టుకుంటూ వెళ్లి బీడీల చాట ముందు కూర్చుంది. బీడీలు మాత్రం చుట్టలేదు.

మేమిద్దరం శుభ్రం చేయడానికి కూర్చున్నాం. పాత ధోవతి ముక్క చింపి స్పిరిటులో తడిపి, ఒత్తకుండా ఒక వైపు నుంచి మాత్రమే తుడవాలి. గుండ్రంగా రుద్దితే అంచుల మీదికి పాకుతుంది. ఎండిన పెచ్చును ముందు కాసేపు తడిగుడ్డ కింద నాననిచ్చి, మెత్తబడ్డాక అట్ట ముక్కతో నెమ్మదిగా లేపాం. గుడ్డ మీద బూడిద రంగు మరకలు, మరో ముక్క, మళ్లీ మరకలు. స్పిరిటు వాసనకు నాకు కాలేజీ ప్రయోగశాల గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాసేపటికి తెలుపు కింద నుంచి సన్నని అక్షరాలు బయటపడ్డాయి. పొగ మంచు తుడిచిన కిటికీలోంచి వీధి కనిపించినట్టు. ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగిలేంత వంగి చదువుకున్నాం. అర్థం కాని అంకెలే, అయినా ఎంత సంతోషమేసిందో! దిమ్మె అడుగు కూడా అలాగే తుడిచాం. దాని పళ్ల మధ్య ఇరుక్కున్న దూది నూగు బ్రష్షుతో లాగితే ఒక దిండుకు సరిపోయేంత వచ్చింది. ఇంత దుప్పటి కప్పుకుని పాపం అది గాలెట్లా పీల్చుకుంటుంది?

"ఉడికిపోతున్న" అంటూ మా ఆయన చెయ్యి చాపి టేబుల్ ఫ్యాన్ మూతిని మా వైపు తిప్పాడు.

అతని చెయ్యి డబ్బా పక్కన ఉంది. సరిగ్గా ఆ చోటే.

నేను గుడ్డ వదిలేశాను. ఆ మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు, కాక ఉలికిపాటు, వెనక్కి వచ్చిన చెయ్యి, అన్నీ కళ్ల ముందు మళ్లీ నడిచాయి. ఆయన చెయ్యి వెళ్లింది డబ్బా మీదికి కాదు, ఫ్యాన్ మీదికి. ఇంతెండలో నడిచి వచ్చి, ఎవరూ లేనప్పుడు కాస్త గాలి తన వైపు తిప్పుకుని, అలికిడి కాగానే మళ్లీ కంప్యూటర్ వైపు తిప్పబోయారు. గాలి మళ్లిన ఆ కాసేపట్లోనే అది కాగి బిగుసుకునేది. ఆ మాట నలుగురిలో చెప్పడం కన్నా నిందతో గడప దాటడమే ఆయనకు తేలికైంది.

"మరి కాక రాని రోజు గూడ బంద్ వడ్డది గద?" అన్నాడు మా ఆయన, నేను చెప్పింది విని.

నేను అతని వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. కాక రాని రోజు భోజనమయ్యాక ఆ గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, పాన్ నములుతూ, ఫ్యాన్ ఎటు తిప్పుకుని కూర్చున్నదీ ఇద్దరికీ గుర్తొచ్చింది. అతను దగ్గాడు. నేను లింగయ్య ఇచ్చిన డబ్బాలోంచి బియ్యపు గింజంత కొత్త పేస్టు తీసి ప్రాసెసర్ నడుమ పెట్టాను. దిమ్మెను దాని మీద అదిమి క్లిప్పు వేశాం.

అత్తమ్మకు ఫ్యాన్ సంగతి చెప్పాను. మొదటి సగమే. ఆమె చాట పక్కన పెట్టింది. తర్వాత లేచి, కాక డబ్బీని బూడిదతో తోమి, తళతళలాడించి, ఏదో గిన్నె మూత తీసింది. నేను చూడలేదన్నట్టు ఉండిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం కాక రాలేదు. మామయ్య రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, వీధి చూసి, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లారు. నేను అన్నం తింటున్నానే గానీ చెవులు వీధిలోనే ఉన్నాయి. రాకపోతే? ఆ చద్దరు నేనెలా కప్పుకోవాలి?

ఎండ వాలుతుండగా చెప్పుల చప్పుడైంది. కాక గేటు దగ్గరే ఆగారు.

"బిడ్డా, నా డబ్బీ ఇయ్యి. నిన్నటి సంది నోరు సప్పగున్నది."

"లోపటున్నది కాకా. కంప్యూటర్ కాడ. వచ్చి తీస్కోండ్రి."

"నువ్వే తెచ్చియ్యి."

"నాకు అందది."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. టేబుల్ ఎత్తు ఎంతో ఆయనకు తెలుసు. అయినా చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. గదిలో కంప్యూటర్ నడుస్తోంది, తెర మీద నెమలి తోక సగం దాటింది. ఫ్యాన్ మాత్రం కంప్యూటర్ వైపు లేదు. ఎదురుగా వేసిన ఖాళీ కుర్చీ వైపు తిరిగి ఉంది. కుర్చీ వెనక గోడకు తగిలించిన క్యాలెండర్ రెపరెపలాడుతోంది.

కాక గుమ్మంలోనే నిలబడిపోయారు.

"అరె, బంద్ వడ్తది. మల్ల నా మీద పెడ్తరు."

"పడదు. కడిగినం."

"వడితే?"

"పడితే నేనే తిప్పిన్నని చెప్త" అన్నాను.

ఆయన కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా కూర్చున్నారు. గాలికి ఆయన చొక్కా ఉబ్బింది. కళ్లు మాత్రం తెర మీది నుంచి కదల్లేదు. గుమ్మం అవతల అత్తమ్మ కూడా చాట దింపి మెడ చాచి చూస్తోంది. వెనక మామయ్య. మా ఆయన ఒక్కో గడీ నింపుతుంటే, అందరం ఆ నెమలి ఎక్కడ బిగుసుకుంటుందోనని కాపలా కాశాం. తోక కొస వరకు వచ్చింది. బాణం ఆగలేదు.

కాక మెల్లగా వీపు కుర్చీకి ఆనించారు. టేబుల్ మీది డబ్బీ అందుకుని మూత తీశారు. లోపల నిండుగా, తడి తడిగా, తెల్లని కొత్త సున్నం.

"ఎవరు నింపిన్రు?"

అత్తమ్మ చాట మీదికి వంగి కత్తెర వెతుక్కుంది.

"ఎండిపోయిందని... నేనే నింపిన రాజారామన్నా" అంది చివరికి.

కాక డబ్బీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. కళ్లజోడు మీదుగా అత్తమ్మను చూశారు.

"ఇంత పసుపు తే ద్రౌపదమ్మా" అన్నారు. "సున్నమో కాదో చూస్కొని తింట."